పాటను పట్టబోయి కూతను నొక్కేస్తే

కబడ్డీలో కూత ఆటకు హంగు కాదు, నియమం. అవతలి కోర్టులోకి వెళ్ళిన ఆటగాడు 30 సెకన్లలో తిరిగొచ్చేదాకా అతని నోట ‘కబడ్డీ’ మాట వినబడుతూనే ఉండాలి. కూత తెగిందని అంపైర్ పసిగడితే ఆ రైడ్ అక్కడితో సరి. ఖోఖోలో కూర్చున్నవాణ్ణి తట్టి లేపేవాడు ‘ఖో’ అని పైకి అనకపోతే తప్పు కిందే లెక్క. క్రికెట్లో బంతి బ్యాటు అంచును రాసుకుంటూ పోయిందా లేదా అన్నది చాలాసార్లు కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో పళ్ళ లెక్కన విభాగాలు పెట్టి, నిర్ణీత సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్న దాన్నిబట్టి గెలుపు తేలుస్తారు. ఆ అడుగుల లెక్క, మిగిలిన సమయం చూసేవాళ్ళకు అందేది మైకులో వ్యాఖ్యాత గొంతు నుంచే. ఆ గొంతు, తోలేవాళ్ళ అదిలింపులు, చుట్టూ మూగిన జనం కేకలు తీసేస్తే తెర మీద మిగిలేది దుమ్ములో కదిలే ఒక జత, ఒక బండ. ఇలాంటి ఊరి ఆటలు ఇప్పుడు యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా నడుస్తున్నాయి. ఆ మైదానాల్లోనే విరామంలో డీజే బాక్సుల నుంచి సినిమా పాట కూడా మోగుతుంది. పాట చెవిన పడగానే ఆ ఆన్‌లైన్ వేదికల వెనక కాచుకుని ఉన్న కాపీరైటు యంత్రం శబ్దాన్ని ఆపేసిందంటే పాటతోపాటు కూతా పోతుంది, స్కోరూ పోతుంది.

స్థానిక ఆటల ప్రసారాల్లో కాపీరైటు సంగీతాన్ని యంత్రమే కనిపెట్టి మ్యూట్ చేసే పద్ధతి మీద వాదోపవాదాలు చాలాకాలంగా సాగుతున్నాయి. హక్కుదారులకు ఇది దొంగతనాన్ని ఆపే కాపలా. ప్రసారం చేసేవాళ్ళకు ఇది వివరణ అడగకుండానే వేసే శిక్ష. రెండు పక్షాలూ యంత్రం కచ్చితంగా పనిచేస్తోందా లేదా అన్న చోటే ఆగిపోతున్నాయి. నిజానికి అది ఒకే ఊపులో రెండు పనులు చేస్తోంది. ఒకటి, ఇది ఫలానా పాట అని గుర్తుపట్టడం. రెండు, ఇక్కడ ఆ పాట వాడకం తప్పు అని తేల్చి అక్కడికక్కడే అమలు జరపడం. మొదటి పనిలో అది ఆరితేరింది. రెండో పనికి కావలసిన సమాచారం దాని దగ్గర లేదు, ఎప్పటికీ పూర్తిగా ఉండబోదు. కాబట్టి గుర్తుపట్టే పనిని యంత్రానికే వదిలి, ఆ గుర్తింపును డబ్బు లెక్కకు ముడిపెట్టాలి తప్ప ఆటను మూగచేసే అధికారంగా మార్చకూడదన్నది ఈ సమీక్ష తేల్చదలచిన మాట.

ఈ యంత్రాన్ని చట్టం పుట్టించిందనుకోవడం పొరపాటు. 1998లో అమెరికా చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఆన్‌లైన్ వేదికలకు ఒక రక్షణ ఇచ్చింది. హక్కుదారు నోటీసు పంపగానే ఆ సరుకును తొలగిస్తే, వాడుకదారు చేసిన తప్పుకు వేదిక పరిహారం కట్టనక్కర్లేదు. ప్రతి వీడియోనూ ముందే జల్లెడ పట్టమని ఆ చట్టం అడగలేదు. 2007లో వయాకామ్ సంస్థ యూట్యూబ్ మీద 100 కోట్ల డాలర్ల దావా వేసింది. అదే ఏడాది యూట్యూబ్ కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు తెచ్చింది. దావా 2014లో రాజీతో ముగిసినా యంత్రం మాత్రం పాతుకుపోయింది. కంటెంట్ ఐడీలో చేరిన హక్కుదారు తన పాట దొరికిన వీడియోను అడ్డుకోవచ్చు, దాని మీద వచ్చే ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చు, ఊరికే లెక్కలు గమనిస్తూ వదిలేయనూవచ్చు. 2022 చివరికి ఈ దారిన హక్కుదారులకు మొత్తం 900 కోట్ల డాలర్లు చెల్లించామని యూట్యూబ్ ప్రకటించింది. ఆటలూ వీడియోగేములూ ప్రసారమయ్యే ట్విచ్ వేదిక 2014 ఆగస్టులో వేరే దారి పట్టింది. నిలవ ఉంచిన వీడియోల్లో పాట దొరికితే ఆ పాట ఉన్న అరగంట ముక్క మొత్తాన్నీ మ్యూట్ చేసింది. పాట నిమిషమే ఉన్నా మిగతా 29 నిమిషాల మాటలు కూడా పోయేవి. రెండూ వ్యాపార సంస్థలు తమ సౌకర్యం చూసుకుని, కుదుర్చుకున్న ప్రైవేటు ఏర్పాట్లే. ఇలా కుదుర్చుకున్నదాన్ని మార్చుకోవడమూ సాధ్యమే.

గుర్తుపట్టే విద్య ఎలా నడుస్తుందో తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. శబ్దాన్ని కాలం ఒకవైపు, పౌనఃపున్యం మరోవైపు పెట్టి పటం గీస్తే, గట్టిగా పలికిన చోట్ల చుక్కలు తేలతాయి. ఆ చుక్కల్ని జంటలు జంటలుగా తీసుకుని వాటి మధ్య ఎడాన్ని గుర్తుగా నమోదు చేస్తే అది ఆ రికార్డింగుకు వేలిముద్ర అవుతుంది. షాజామ్ యాప్ వెనక ఉన్న ఈ పద్ధతిని ఏవరీ వాంగ్ 2003లో ఒక పత్రంలో వివరించాడు. చుట్టూ గోల ఉన్నా, ఫోను మైకు నాసిరకానిదైనా కొన్ని సెకన్ల ముక్క చాలు, పాట దొరికిపోతుంది. బలమైన చుక్కలు గోలలోనూ నిలుస్తాయి కాబట్టి ఈల, డప్పు, చప్పట్లు దాన్ని పెద్దగా తికమకపెట్టవు. అయితే ఈ వేలిముద్ర చెప్పేది ఒక్కటే: ఈ రికార్డింగు ఇక్కడ ఉంది. ప్రసారం చేసేవాడు ఆ పాటను వినిపించడానికే పెట్టాడా, లేక మైదానం అవతల బాక్సులోంచి వచ్చి మైకులో పడిందా? నిర్వాహకులు లైసెన్సు కట్టారా? జనం వచ్చింది ఆట కోసమా, పాట కోసమా? వీటిలో ఒక్కదానికీ చుక్కల పటంలో జవాబు ఉండదు. యంత్రాన్ని ఎంత మెరుగుపరిచినా గుర్తింపే మెరుగవుతుంది, ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

లైవ్‌లో దీని దెబ్బ మామూలు వీడియో కన్నా గట్టిగా తగులుతుంది. యూట్యూబ్ లైవ్‌లన్నిటినీ నడుస్తుండగానే తనిఖీ చేస్తుంది. ఇతరుల సరుకు దొరికితే ఆటకు బదులు ఒక నిశ్చల చిత్రం పెట్టవచ్చు, ఆపమని హెచ్చరించవచ్చు, అప్పటికీ సాగితే ప్రసారాన్ని నిలిపివేయవచ్చు. నడుస్తున్న లైవ్‌ను కాపీరైటు ఫిర్యాదు మీద తొలగిస్తే ఏడు రోజుల దాకా ఆ ఛానల్‌కు లైవ్ సౌకర్యం ఆగిపోవచ్చు. మూడు రోజుల సంక్రాంతి పోటీల కోసం ఏడాదంతా ఎదురుచూసే చిన్న ఛానల్‌కు ఏడు రోజులంటే ఆ ఏటి పంట పోయినట్టే. అభ్యంతరం చెప్పుకునే దారి ఉంది. కానీ ఆ అభ్యంతరానికి జవాబివ్వడానికి హక్కుదారుకు 30 రోజుల గడువు ఉంది. మన దేశ చట్టంలోనూ హక్కుదారు ఫిర్యాదు చేస్తే ఆ సరుకును 21 రోజులు అందుబాటులో లేకుండా ఉంచే ఏర్పాటు ఉంది. సినిమా సమీక్షకో వంటల వీడియోకో నెల తర్వాత న్యాయం జరిగినా కొంత విలువ మిగులుతుంది. ఫైనల్ రైడ్ మూగబోయాక నెలకు వచ్చే తీర్పుతో ఎవరికీ పనిలేదు. శిక్ష క్షణంలో పడి విచారణ నెల తర్వాత జరిగే చోట, శిక్ష వేసేముందు చూపాల్సిన జాగ్రత్త మామూలు కన్నా ఎక్కువే ఉండాలి.

ఆ జాగ్రత్త లేదనడానికి తార్కాణాలు కోకొల్లలు. 2012 సెప్టెంబరులో సైన్స్ ఫిక్షన్ రచయితలకిచ్చే హ్యూగో అవార్డుల సభ యూస్ట్రీమ్ అనే లైవ్ వేదికలో నడుస్తుండగా, అవార్డు పొందిన ‘డాక్టర్ హూ’ ధారావాహిక ముక్కలు తెర మీద పడగానే యంత్రం ప్రసారాన్ని తెంచేసింది. ఆ ముక్కలు అనుమతితోనే వేశారు. అవార్డు అందుకున్న రచయిత నీల్ గేమన్ ప్రసంగం వినాలని కూర్చున్నవాళ్ళకు ఖాళీ తెర మిగిలింది. 2021 ఫిబ్రవరిలో బ్లిజ్‌కాన్ వీడియోగేముల ఉత్సవంలో మెటాలికా రాక్ బృందం సొంత పాట వాయిస్తుంటే, ట్విచ్ వేదిక తన సొంత ఛానల్లోనే దాన్ని తీసేసి ఏదో చిరుగంటల సంగీతం పెట్టింది. పాట రాసినవాళ్ళే పాడుతున్నా వేదిక భయం అలాంటిది. అదే ఏడాది కాలిఫోర్నియాలో మరో వింత బయటపడింది. తమను వీడియో తీస్తున్న పౌరుల ఎదుట కొందరు పోలీసులు ఫోనులో పేరున్న పాటలు పెట్టారు. పాట ఉంటే వీడియో మ్యూట్ అవుతుందని వాళ్ళకు తెలుసు. ఆట మైదానానికి ఇది వర్తించదని అనుకోనక్కర్లేదు. ఎవరైనా ఎవరి ప్రసారాన్నైనా చెడగొట్టదలిస్తే గట్టిగా పాట పెట్టిన స్పీకరు ఒకటి మైకు దగ్గర ఉంచితే చాలు. కాపలా కోసం పెట్టిన తాళం ఎవరి చేతిలోనైనా ఆయుధంగా మారగలిగితే ఆ తాళం తయారీలోనే లోపం ఉన్నట్టు.

దీనికి హక్కుదారుల పక్షం ఇచ్చే జవాబు అంకెల్లో ఉంటుంది, ఆ అంకెలు చిన్నవి కావు. 2021 మొదటి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ 72 కోట్లకు పైగా క్లెయిములు నమోదు చేసిందనీ, అందులో 99 శాతానికి పైగా యంత్రం చేసినవేననీ, వాటిలో అభ్యంతరం వచ్చినవి ఒక్క శాతం కూడా లేవనీ యూట్యూబ్ పారదర్శకత నివేదిక చెప్పింది. నూటికి 99 మంది ఒప్పుకుంటున్నప్పుడు లోపం ఎక్కడ అని అడుగుతారు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. అభ్యంతరం చెప్పిన కేసుల్లో 60 శాతం వీడియో పెట్టినవాళ్ళ వైపే తేలాయి. అవి దాదాపు 22 లక్షలు. నోరు తెరిచి అడిగినవాళ్ళలో సగానికి పైగా గెలుస్తుంటే, అడగనివాళ్ళందరివీ న్యాయమైన క్లెయిములే అనుకోవడానికి ఆధారం లేదు. అడగకపోవడానికి వేరే కారణాలున్నాయి: ఓడితే ఛానల్ మీద స్ట్రైకు అనే మచ్చ పడుతుందన్న బెరుకు, చట్టం భాష కొరుకుడు పడకపోవడం, అన్నిటికన్నా మించి ఆట అయిపోయాక ఇంకెందుకన్న నిర్లిప్తత. స్థానిక ఆటల విషయంలో ఈ మూడో కారణమే బలమైనది. అభ్యంతరాలు తక్కువగా ఉండటం అక్కడ సమ్మతికి గుర్తు కాదు.

చట్టం సంగతికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒక్క సినిమా పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు అని మూడు వేర్వేరు హక్కులుంటాయి. వాటి కాలపరిమితులూ వేరే. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది కాబట్టి ఆ రికార్డింగుల మీద 60 ఏళ్ళ హక్కు 2017తో తీరింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు గనుక సాహిత్యం హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. అరవై ఏళ్ళు దాటిన పాటకే ఇన్ని లెక్కలుంటే నిరుటి పాట సంగతి చెప్పనక్కర్లేదు. పైగా మైదానంలో మోగించడానికి కావలసిన అనుమతి వేరు, అదే పాటను వీడియోలో కలిపి ఇంటర్నెట్‌లో పంపడానికి కావలసిన అనుమతి వేరు. అమెరికాలో పాఠశాలలు, స్టేడియాలు ఆస్కాప్, బీఎంఐ వంటి సంగీత హక్కుల సంఘాలకు కట్టే రుసుము మైదానంలోని జనం వినడానికే. ఆ ఆట నెట్‌లోకి వెళ్ళగానే ఆ లైసెన్సు చేతులెత్తేస్తుంది. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ లాభాపేక్ష లేని క్లబ్బులు తమ కార్యక్రమాల్లో రికార్డు వినిపించడానికి మినహాయింపు ఇచ్చింది. ఆ లెక్కన ఊరి యువజన సంఘం టోర్నమెంటులో పాట వేయడం తప్పు కాదని వాదించవచ్చు. మైదానంలో తప్పు కాని శబ్దమే కెమెరా మైకులోంచి వెళ్ళేసరికి ఉల్లంఘన అవుతోంది. ఇక్కడ ఆటగాడు గానీ డీజే కుర్రాడు గానీ కొత్తగా చేసిందేమీ లేదు. మారిందల్లా మధ్యలో ఫోను వచ్చి చేరడం.

యాదృచ్ఛికంగా వినబడే సంగీతాన్ని ఎలా చూడాలన్నది కోర్టులకు కొత్త ప్రశ్నేమీ కాదు. న్యూయార్క్‌లోని లిటిల్ ఇటలీలో జరిగే సాన్ జెన్నారో ఉత్సవాన్ని ఏబీసీ టీవీ వార్తల కోసం చిత్రీకరించినప్పుడు ఊరేగింపులో బ్యాండు వాయించిన పాట కూడా ప్రసారమైంది. పాట హక్కుదారు దావా వేస్తే, 1978లో కోర్టు అది న్యాయసమ్మత వాడకమేనంది. ఉత్సవాన్ని చూపబోతే పాట వచ్చి పడింది తప్ప, పాటను అమ్ముకోవడానికి ఉత్సవం చూపలేదు. బ్రిటన్ 1988 చట్టం 31వ సెక్షన్‌లో యాదృచ్ఛికంగా కలిసిన రచనకు బాహాటంగా మినహాయింపు ఇచ్చింది, కావాలని చేర్చిన సంగీతానికి మాత్రం అది వర్తించదని గీత గీసింది. 2022 ఏప్రిల్‌లో యూరప్ న్యాయస్థానం పోలండ్ వేసిన కేసులో, న్యాయమైన వాడకాన్నీ ఉల్లంఘననూ సరిగా వేరుచేయలేని వడపోత భావప్రకటన హక్కుతో పొసగదని చెప్పింది. మన చట్టం ఈ విషయంలో సగం దారిలో ఆగింది. సినిమా చిత్రీకరణలో నేపథ్యంగా కనిపించే చిత్రపటానికో శిల్పానికో మినహాయింపు ఇచ్చిన 52వ సెక్షన్, నేపథ్యంగా వినబడే పాట ఊసెత్తలేదు. కంటికి ఇచ్చిన వెసులుబాటు చెవికి ఇవ్వకపోవడానికి తర్కం కనిపించదు. 2012లో ఇండియా టీవీ, యశ్‌రాజ్ ఫిల్మ్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు లెక్కలోకి రానంత స్వల్ప వాడకాన్ని చట్టం పట్టించుకోనక్కర్లేదన్న సూత్రాన్ని పాటకూ అన్వయించడం కొంత ఊరట. అయితే ఆ సూత్రం కోర్టు మెట్లెక్కినవాళ్ళకు పనికొస్తుంది. యంత్రానికి ఆ తీర్పుతో పరిచయం లేదు.

ఈ తేడా వేదికలకు తెలియదా అంటే బాగానే తెలుసు. 2019 ఆగస్టులో యూట్యూబ్ ఒక నిబంధన మార్చింది. కొన్ని సెకన్ల పాటకో, దారిన పోయే కారులోంచి వినబడిన పాటకో హక్కుదారు చేతితో క్లెయిము వేసి ఆదాయం లాక్కోవడాన్ని నిషేధించింది. యాదృచ్ఛిక సంగీతం వేరు, వాడుకున్న సంగీతం వేరు అని వేదికే ఒప్పుకున్న ఘట్టమది. కానీ ఈ నిబంధన మనిషి వేసే క్లెయిములకే అన్నారు. యంత్రం వేసే క్లెయిములు, అంటే నూటికి 99, దాని పరిధిలోకి రావు. మనిషికి వద్దన్న తప్పు యంత్రానికి మాత్రం చెల్లుబాటు అయింది. ఇందులో ఒక నిజం దాగి ఉంది. యాదృచ్ఛికమా కాదా తేల్చడం యంత్రం వల్ల కాదని వేదికకు తెలుసు. తేల్చలేనప్పుడు అనుమానం తాలూకు లాభం ఆటకు ఇవ్వాలా, పాటకు ఇవ్వాలా అన్నదే మిగిలే ప్రశ్న. ప్రస్తుతం మొత్తంగా పాటకే ఇస్తున్నారు.

పాటకు ఇవ్వడమే న్యాయమనేవాళ్ళ వాదనలో బలం ఉంది. గేయరచయిత, స్వరకర్త, గాయకుడు, వెనక వాద్యకారులు అందరి కష్టమూ ఆ మూడు నిమిషాల్లో ఉంది. డీజే బాక్సు లేకపోతే టోర్నమెంటుకు ఊపు రాదని నిర్వాహకులే చెబుతున్నప్పుడు, ఆ ఊపుకు ధర కట్టడం సబబే. ఊరి ఆటే కదా అని ఊరుకుంటే, ఆ ఊళ్ళన్నీ కలిసి పెద్ద మొత్తమే అవుతుంది. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. కానీ ఈ వాదన రుజువు చేసేది డబ్బు ఇవ్వాలని. శబ్దం ఆపాలని కాదు. ఆపేసిన పాటకు రచయితకు పైసా రాదు, ఆట చూసేవాడికి ఆట అందదు, ప్రకటనలు పోయి ఛానల్‌కూ నష్టమే. ముగ్గురూ నష్టపోయే పరిష్కారాన్ని ఒకరి హక్కు పేరుతో సమర్థించడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఆదాయం మళ్ళించే దారిలోనూ ఇంకో అన్యాయం ఉంది. మూడు గంటల ప్రసారంలో 40 సెకన్లు పాట వినబడిందనుకుందాం. 10,800 సెకన్లలో అది అర శాతం కూడా లేదు. అయినా సాధారణంగా క్లెయిము ఆ వీడియో ఆదాయం మొత్తం మీద పడుతుంది. కళాకారుడి వాటా అడగడం ఎంత న్యాయమో, ఆ వాటా నిడివిని మించకూడదనడమూ అంతే న్యాయం.

మరి మైదానంలో పాటే ఆపేస్తే పోలేదా అని అడగవచ్చు. వినడానికి తేలికైన మాటే. అయితే పాట వేసేవాడు, ప్రసారం చేసేవాడు అన్నిసార్లూ ఒకరే కారు. టోర్నమెంటు కమిటీ డీజేను పిలుస్తుంది, ఎక్కడి నుంచో వచ్చిన ఛానల్ కుర్రాళ్ళు లైవ్ పెడతారు. పక్క వీధిలో పెళ్ళి ఊరేగింపు పోతుంటే ఆపమని ఎవరు చెప్పగలరు? పండగపూట మైదానం నుంచి సంగీతం తీసేయమనడం, అక్కడికి వచ్చిన వేలమంది పండగను ఎక్కడో ఉన్న సర్వరు సౌకర్యానికి తగ్గట్టు కుదించడమే. అయితే ఈ సలహాలో తీసుకోదగిన భాగం ఒకటుంది. వ్యాఖ్యాత మైకును మిక్సర్ నుంచి నేరుగా లైవ్‌లోకి తీసుకుని, డీజే లైనును దానిలో కలపకుండా ఉంచి, కోర్టు దగ్గర కూతకూ విజిల్‌కూ వేరే మైకు పెడితే పాట చాలామటుకు వెనక్కి పోతుంది. పెద్ద ఖర్చు లేని పని ఇది. నిర్వాహకుల వంతు బాధ్యత ఇంతవరకు న్యాయంగా అడగవచ్చు.

సాంకేతికతే దీన్ని తీరుస్తుందన్న ఆశ ఇంకొందరిది. పాటను, మాటను విడదీసే సాఫ్ట్‌వేర్లు 2019 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. డీజర్ సంస్థ స్ప్లీటర్‌ను, ఫేస్‌బుక్ పరిశోధకులు డీమక్స్‌ను ఆ ఏడే విడుదల చేశారు. 2024 జూలైలో యూట్యూబ్ మాటలు ఉంచి పాటను మాత్రమే చెరిపే పనిముట్టును మెరుగుపరిచింది. ఇది ఆహ్వానించదగ్గ మార్పే. మ్యూట్ తప్పనిసరి అయిన చోట ముందుగా వాడాల్సింది ఇదే. కానీ ఇది ఆట అయిపోయాక నిలవ వీడియో మీద చేసే మరమ్మతు. లైవ్‌లో చేయాలంటే ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేయాలి, దానికి తగ్గ కంప్యూటరు ఉండాలి. మైదానంలో మోగే పాట లైను ముందే చేతిలో ఉంటే దాన్ని మైకు శబ్దం నుంచి తీసివేసే పద్ధతి ఇంకా నమ్మకమైనది, ఫోను కాల్‌లో ప్రతిధ్వనిని తీసేది ఈ లెక్కతోనే. అయినా జనం పాటతో గొంతు కలిపితే, డప్పు మీద అదే దరువు పడితే యంత్రం ఏది ఆట శబ్దమో ఏది పాటో తేల్చలేక రెండిటికీ కత్తెర వేస్తుంది. సాంకేతికత దెబ్బను తగ్గిస్తుంది. ఎవరికి దెబ్బ తగలాలన్న నిర్ణయం మాత్రం మనుషులదే.

చివరి అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. ఆటలకు మినహాయింపు ఇస్తే, ఒక మూల వాలీబాల్ నెట్టు చూపిస్తూ నాలుగు గంటలు కొత్త సినిమా పాటలు వినిపించే ఛానళ్ళు పుట్టుకొస్తాయంటారు. పుట్టుకొస్తాయి కూడా. దీనికి గీత గీయడం కష్టమేమీ కాదు. 2020 మేలో ఫేస్‌బుక్ ప్రకటించిన మార్గదర్శకాల్లో రికార్డు పాట వీడియోకు ప్రధాన ప్రయోజనం కారాదనీ, చిన్న ముక్కలకు ఇబ్బంది తక్కువనీ, పూర్తి పాటలు పెరిగేకొద్దీ ఆంక్షలు పెరుగుతాయనీ ఉంది. ఈ కొలతలు యంత్రానికి అందేవే: ప్రసారంలో పాట వినబడిన వంతు ఎంత, పాట మీద మాటలూ కేకలూ పడ్డాయా, పాట తేటగా లైను నుంచి వచ్చిందా లేక మైకులోంచి గరగరగా వచ్చిందా. ఈ హద్దు దాటినదాన్ని మనిషి చూసి తేల్చవచ్చు. దొంగ ఎవరో తెలియక అందరినీ జైల్లో వేయాల్సిన అవసరం ఇక్కడ లేదు.

ఇవన్నీ బేరీజు వేస్తే చేయాల్సిన పనులు ఒక వరుసలో నిలుస్తాయి. మొదటిది వేదికలదే, దీనికి చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు: 2019లో మనిషి క్లెయిములకు పెట్టిన నిబంధనను యంత్రం క్లెయిములకూ వర్తింపజేయాలి, స్థానిక ఆటల లైవ్‌లో అడ్డుకోవడం, మ్యూట్ చేయడం బదులు నిడివికి తగ్గ ఆదాయ వాటాను మామూలు పద్ధతిగా చేయాలి. రెండోది హక్కుల సంఘాలది: మైదానంలో వాయించడానికీ లైవ్‌కూ కలిపి ఒకే చిన్న రుసుము లైసెన్సు ఇవ్వాలి. రేడియోకు, టీవీకి కాపీరైటు చట్టం 31డీ సెక్షన్ కింద నిర్ణీత రుసుముతో పాట వాడుకునే దారి ఉంది. అది ఇంటర్నెట్ ప్రసారానికి వర్తించదని వింక్ అనే పాటల యాప్ కేసులో బొంబాయి హైకోర్టు 2019లో చెప్పి, 2022లో మళ్ళీ ఖరారు చేసింది. టీవీ ఛానల్‌కు తెరిచిన తలుపు ఊరి ఛానల్‌కు మూసి ఉంది కాబట్టి స్వచ్ఛంద లైసెన్సు అవసరం రెట్టింపయింది. మూడోది పార్లమెంటుది: నేపథ్యంగా వచ్చే చిత్రానికి ఇచ్చిన మినహాయింపును నేపథ్యంగా వినబడే సంగీతానికీ విస్తరించి, కావాలని చేర్చినదాన్ని దాని నుంచి తప్పించాలి. నాలుగోది నిర్వాహకులది: మైకులు వేరు చేయాలి.

ఈ నాలుగింటిలో వేదికల పనే ముందు రావాలనడానికి కారణం ఉంది. అక్కడ యంత్రం ఇప్పటికే పాటను గుర్తుపడుతోంది, ఎన్ని సెకన్లు వినబడిందో లెక్కపెడుతోంది, ఎవరికి డబ్బు పోవాలో కూడా దానికి తెలుసు. పంపకానికి కావలసిందంతా దాని ఒళ్ళోనే ఉంది. లేనిది తీర్పు చెప్పే అర్హత ఒక్కటే. తెలిసిన పని దానితో చేయించుకుని, తెలియని పని నుంచి తప్పిస్తే పాట రాసినవాడికి కూలీ అందుతుంది, కబడ్డీ కూత చివరిదాకా వినబడుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. అడ్డని భ్రమ పెట్టింది కాపీరైటు చట్టం కాదు, తొందరపాటుతో ఏర్పడి అలవాటుగా మిగిలిన ఒక వ్యాపార ఏర్పాటు.